మూడు హోస్టులు, ఒక సమాధి ఎక్కువ

సికింద్రాబాద్‌లో ఒక చర్చి ఆఫీసు. శుక్రవారం పొద్దున పదిన్నర. కొత్త కంప్యూటర్ ముందు హదస్సా, ఆమె వెనక కుర్చీలో ఆఫీసు గుమాస్తా లూకా.

"మళ్లీ అదే! లూకా అంకుల్, మళ్లీ అదే నంబరు. పదకొండు వందల నలభై ఏడు!"

"చూశావా? నేను చెప్పలా? హోస్టు మార్చమని చెప్పలా?"

"మార్చాను! మొన్నొకటి పెట్టాను, నిన్నొకటి పెట్టాను, ఇవాళ ఏడింటికే వచ్చి మూడోది పెట్టాను. మూడు రోజుల్లో మూడు హోస్టులు. మా ఇంట్లో పెళ్లిచూపులకు కూడా ఇంతమందిని మార్చలేదు."

"మార్చి ఉంటే మీ అమ్మ సంతోషించేది."

"అంకుల్!"

"సరే సరే. అరవకు. పక్కన సండేస్కూలు గది. పుస్తకంలో ఎంతుందీ?"

"మీకు తెలీదా ఎంతుందో? పాస్టరు అయ్యగారు చేత్తో రాసిన భూస్థాపన పుస్తకంలో పదకొండు వందల నలభై ఆరు మంది. మీరు రాసిన ప్రోగ్రాంలో సమాధులు పదకొండు వందల నలభై ఏడు. మనుషులకన్నా సమాధులు ఒకటి ఎక్కువ!"

"అంటే హోస్టు కుదరలేదన్నమాట. హోస్టు బెస్టయితేనే గెస్టుకు రెస్టు, తల్లీ."

"దానికీ దీనికీ సంబంధం లేదు అంకుల్. ఇరవయ్యోసారి చెప్తున్నా వినండి. మీ పాత కంప్యూటర్ పోయిన వారం చచ్చిపోయింది..."

"నిద్రించింది. చర్చి ఆఫీసులో ఆ మాట అనకూడదు. ప్రభువునందు నిద్రించింది."

"సరే, నిద్రించింది. దాని డిస్కులో ఉన్నదంతా ఉన్నదున్నట్టు నేను కాపీ తీశాను. ఈ కొత్త కంప్యూటర్ లోపల ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్ పుట్టించి, అందులో ఆ కాపీ పెట్టాను. దాన్నే వర్చువల్ మెషిన్ అంటారు."

"వర్చువలో, వర్రీ-చువలో."

"బయటిది హోస్టు, లోపలిది గెస్టు. లోపలిదానికి ఇల్లు మారిన సంగతే తెలీదు. ఇంకా ఇరవై అయిదేళ్ల కిందటే ఉన్నాననుకుంటూ హాయిగా నడిచిపోతుంది."

"అచ్చం మన కమిటీలాగా."

"నవ్వను. నాకు నవ్వు రాదు. బేగంపేటలో ఆఫీసుకు మూడు రోజులు లీవు పెట్టి వచ్చాను, ఊరికే, చర్చి కోసమని. మొదటిరోజు హోస్టుగా విండోస్ పెట్టాను. పదకొండు వందల నలభై ఏడు. మీరేమన్నారు?"

"అన్ని కిటికీలు పెట్టినచోట ఏదో ఒకదాంట్లోంచి ఎవరో ఒకరు దూరి ఉంటారన్నాను. పైగా మధ్యలో అప్‌డేట్ అంటూ ఆగిందిగా!"

"ఆగింది. ఆ టైము నేను ముందే సెట్ చేసుకోవాలి, చేసుకోలేదు, నా తప్పు. ఆగితే లేచాక మళ్లీ నడుస్తుంది కానీ సమాధి ఒకటి కొత్తగా మొలవదు కదా! అయినా మీ మాట విని నిన్న ఉబుంటు పెట్టాను."

"ఉబుంటు! ఉంటుందో ఊడుతుందో పేరులోనే తేల్లేదు. నా ప్రింటర్ని గుర్తే పట్టలేదది. ఇరవై ఏళ్లుగా గరగరా గీకుతూ సేవ చేసిన ప్రింటరు. కొత్త కోడలు ముసలత్తను చూసినట్టు చూసింది."

"సాయంత్రానికల్లా పట్టింది అంకుల్! మీరే కాగితం పెట్టలేదు!"

"అట్లాగా."

"అట్లాగే. అందులోనూ పదకొండు వందల నలభై ఏడే. ఇవాళ ప్రాక్స్‌మాక్స్."

"పేరు వింటే తుమ్ము రాబోయి ఆగినట్టుంది."

"అది వర్చువల్ మెషిన్లను నడపడానికే పుట్టిన హోస్టు. పాటలు పెట్టుకోవడం, ఫొటోలు చూసుకోవడం, వేరే పనేమీ పెట్టుకోదు."

"ముఖం కూడా పెట్టుకోలేదు. తెర మీద నాలుగు తెల్ల అక్షరాలు, మిగతా అంతా నలుపు. దాన్ని చూడ్డానికి ఇంకో కంప్యూటర్ కావాలని నీ లాప్‌టాప్ తెచ్చావు. అద్దంలో తప్ప కనపడని పెళ్లికూతురిని ఎవరు చేసుకుంటారమ్మా?"

"ఎవరూ చేసుకోవద్దు! లెక్క సరిగా చెప్తే చాలు. అదీ పదకొండు వందల నలభై ఏడే చెప్పింది. హోటల్ మారిస్తే మనిషి వయసు మారుతుందా అంకుల్?"

"మీ బేగంపేట హోటళ్లలో బిల్లు చూస్తే పదేళ్లు పెరుగుతుంది."

"జోకులొద్దు. దయచేసి. పాస్‌వర్డ్ ఇవ్వండి."

"ఏం పాస్‌వర్డు?"

"మళ్లీ ఏం పాస్‌వర్డంటారేంటి! మీ ప్రోగ్రాం మొత్తం ఎంతమందో చెప్తుంది, పేర్ల లిస్టు తెరవమంటే మాత్రం పాస్‌వర్డ్ అడుగుతుంది. లిస్టు తెరిస్తే పుస్తకంతో పక్కపక్కన పెట్టి చూసుకుంటా. ఎక్కువైన ఆ ఒక్క పేరు దొరుకుతుంది. రెండు గంటల పని. మూడు రోజుల్నుంచీ అడుగుతున్నా."

"గుర్తు లేదమ్మా."

"ప్రోగ్రాం రాసింది మీరు."

"రాసిందల్లా గుర్తుంటే నేను ఇంటర్మీడియెట్ పాసయ్యేవాణ్ణి. పాసే కానివాణ్ణి పాస్‌వర్డ్ అడుగుతావేంటి?"

"అంకుల్..."

"కంప్యూటర్‌కు పదహారు జీబీ మెమరీ పెట్టావు. నా మెమరీ సంగతి ఎవడికైనా పట్టిందా? అసలు తప్పు మన ఎంపికలో ఉంది. ఫాక్స్‌ప్రోలో రాశాన్నేను. ఫాక్స్ అంటే నక్క. నక్కను తెచ్చి నాగలోకంలో పెడితే లెక్క తప్పదూ? దానికి సరిపడ్డ హోస్టు ఇంకోటి ఉంటుంది. డెబియనో ఏదో అన్నావే నిన్న..."

"పెట్టను. ఇంక ఏ హోస్టూ పెట్టను. అరే, ఎవరది? వీరయ్య తాతా, లోపలికి రా."

"నమస్తే బిడ్డా. నమస్తే లూకా సారు. జాగ చీటి అయ్యిందా? రాత్రి పోయిన బ్యూలా టీచరమ్మది?"

"ఇంకా కాలేదు వీరయ్యా. కూర్చో."

"కూసునేటందుకు టైం లేదు సారు. రేపు పదకొండు గొట్టంగ అమ్మను సమాధుల తోటకు తెస్తరంట. ఇప్పుడు గడ్డపార వట్టకుంటే రేపటికి గుంత కాదు. కింద మొత్తం రాయే."

"నీకు రాయి ఎప్పుడు తగల్లేదూ?"

"ఏంది సారు?"

"మా ఆవిడ గ్లోరియాను తెచ్చిన రోజూ రాయే అన్నావు. మధ్యాహ్నం నాలుగింటికని అందరికీ చెప్పాం. ఆరున్నర చేశావు. మే నెల. పాటల పుస్తకాలు నెత్తిన పెట్టుకుని నిలబడ్డారు జనం. అయ్యగారు ఉన్న కీర్తనలన్నీ పాడించి మళ్లీ మొదటికొచ్చారు. నేనట్లా పెట్టె పక్కన..."

"ఆరేండ్లాయె. ఇంక యాదికుందా సారు?"

"చచ్చేదాకా ఉంటుంది."

"నిద్రించేదాకా అనాలి అంకుల్."

"ఆఁ. అదే."

"బిడ్డా, మూడు దినాల సంది గీ డబ్బా ముంగట కూసున్నవు. చీటి ఒక్కటి తియ్యనీకె గింత పరేషానా? నువ్వు చేత్తోటి రాసియ్యరాదు?"

"చేత్తో రాయడానికి ఎక్కడని రాయను తాతా? పుస్తకంలో ఎవరు, ఎప్పుడు అన్నదే ఉంది. ఎక్కడ అన్నది ఈ ప్రోగ్రాంలోనే ఉంది. తోటలో మొత్తం జాగాలు పదకొండు వందల నలభై ఏడు. కంప్యూటరేమో అన్నీ నిండాయంటోంది. పుస్తకం ప్రకారం ఒకటి మిగలాలి. ఏది నిజమో తేలితే కానీ చీటీ ఇవ్వొద్దని అయ్యగారు ఆర్డరేశారు."

"నిండితే టీచరమ్మను యాడ పెడ్తరు?"

"ఇక్కడ కాదు. కాప్రా అవతల ఎక్కడో వేరే వాళ్ల తోట ఉందట, అడుక్కోవాలి."

"నలభై ఏండ్లు గీ చర్చిల పిల్లలకు పాటలు నేర్పింది గదా ఆ తల్లి!"

"నాకూ నేర్పింది తాతా. అంకుల్‌కీ నేర్పింది. అందుకే కదా నా ఏడుపు!"

"మరి డబ్బాల తప్పేంది?"

"డబ్బాలో తప్పు లేదు. చూడు, ఇది బయటి డబ్బా. దీని లోపల ఇంకో డబ్బా ఉంది, కంటికి కనపడదు. అందులో అంకుల్ పాత కంప్యూటర్ ఉంది. రెండూ ఒకే చోట."

"ఓ, డబలా! మా తోటల సుత ఉంటయి గదా."

"ఏవి?"

"డబల్ గుంతలు. ఒక్కటే జాగల ఇద్దరు. కింద ఒకరు, పైన ఒకరు. మొగుడు పెండ్లాలకు తవ్వుతం. గని బిడ్డా, తొమ్మిది ఫీట్ల లోతు ముందుగాల్నే తియ్యాలె. మామూలు లోతుల పెట్టి మన్ను కప్పినంక, మల్ల కింద తవ్వుతనంటే కాదు."

"అదే తాతా! అదే హోస్టంటే! కింద లోతు సరిగ్గా ఉంటేనే పైన ఇంకోటి పెట్టగలం. మూడు రోజుల్నుంచీ అంకుల్‌కు ఎక్కనిది నీకు ఒక్క నిమిషంలో ఎక్కింది."

"నాకెక్కకేం! డబల్ అంటే లెక్కలో రెండు జాగాలు, కమిటీ పర్మిషన్ కావాలి. రాతపూర్వకంగా అర్జీ పెట్టాలి. అదీ ముందే, పెట్టె దించకముందే. ఆ రోజున ఎవడి బుర్ర పనిచేస్తుందమ్మా అర్జీ రాయడానికి? చెప్పులేసుకున్నానో లేదో కూడా తెలియని రోజది."

"అంకుల్... నేను ఏదో మాటవరసకు..."

"నేనూ మాటవరసకే అన్నాను."

"గ్లోరియా ఆంటీ పక్క జాగా మీరు బుక్ చేసుకున్నారు కదా అప్పట్లో? అమ్మ చెప్పింది."

"చేసుకున్నాను. మరుసటి వారమే."

"మరి నాలుగేళ్ల కిందట కమిటీ బతికున్నవాళ్ల బుకింగులన్నీ రద్దు చేసింది. మీదీ పోయినట్టేగా?"

"పోయినట్టే. ఆ తీర్మానం టైపు చేసింది ఎవరనుకున్నావు? నేనే. మూడు కాపీలు. కింద 'ఏకగ్రీవంగా ఆమోదించబడినది' అని కూడా నేనే కొట్టాను. నా సంగతొదిలెయ్. డెబియన్ సంగతి చూడు."

"డెబియన్ లేదు, గిబియన్ లేదు! ఒక్క నిమిషం, ఫోను. అయ్యగారే. హలో, వందనాలు అయ్యగారూ. లేదండి, ఇంకా తేడా పోలేదు. తెలుసండి. పన్నెండింటికల్లానా? అయ్యో, అప్పుడే కాప్రా వాళ్లకు ఫోన్ చేయొద్దండి. ఆషర్ అన్నయ్యకు నేను మాటిచ్చాను, వాళ్లమ్మగారు మన తోటలోనే ఉంటారని. హోస్టు కాదండి తప్పు, ఎన్నిసార్లు... సరేనండి. పన్నెండింటికి చెప్తాను. వందనాలు."

"ఏమన్నారు?"

"పన్నెండు దాటితే కాప్రా వాళ్లకు ఫోన్ చేసేస్తారట. ఆయన కూడా అడుగుతున్నారు, 'హోస్టు మార్చి చూడకపోయావా అమ్మా' అని! మీరే ఎక్కించారు ఆయనకు. ఊరంతా ఎక్కించారు. పొద్దున గేటు దగ్గర మేబెల్ ఆంటీ కూడా ఆపి అడిగింది, హోస్టు కుదిరిందా అని. ఆవిడ నాకు సంబంధమనుకుంది!"

"కుదిరిందని చెప్పకపోయావా, కేకు పట్టుకొచ్చేది."

"అంకుల్, గ్లోరియా ఆంటీ ఒకసారి నాకో మాట చెప్పింది. చెప్పమంటారా?"

"వద్దు."

"క్వయర్ ప్రాక్టీసు అయ్యాక చెప్పింది. 'మీ అంకుల్ ఒక జోకేస్తే నవ్వు. రెండేస్తే ఓర్చుకో. వరసగా మూడేశాడంటే ఏదో దాస్తున్నాడని అర్థం, జేబులు వెతుకు' అంది. మూడు రోజుల్నుంచీ మీరు ఆపకుండా వేస్తున్నారు."

"ఆవిడ చాలా అనేది."

"ఏం దాస్తున్నారు?"

"ఏమీ లేదు."

"పాస్‌వర్డ్?"

"గుర్తు లేదన్నానా!"

"సారు, బిడ్డా, మీరు కొట్లాడుకోకండి. నాకు ఒకటి సమజ్ అయితలేదు. తోటల ఖాళీ లేదంటరేంది? ఒకటున్నది గదా."

"ఏది తాతా?"

"వీరయ్యా, నువ్వు బయట కూర్చో. చీటీ అయ్యాక పిలుస్తా."

"ఆగండంకుల్. ఎక్కడ తాతా?"

"గదే, గ్లోరియమ్మ పక్కన. నేనే గడ్డి వీకుత. సారు ఆదివారం ఆదివారం వచ్చి ఆ జాగలనే కూసుంటడు. కింద మనిషి ఉంటే మీద కూసుంటడా?"

"అది ఖాళీ కాదు వీరయ్యా."

"మరి ఎవరున్నరు సారు? నేనైతే పెట్టలే. ముప్పై ఏండ్ల సంది ఆ తోటల నాకు తెల్వకుండ ఎవ్వర్నీ పెట్టలే."

"ఖాళీ కాదన్నాను కదా."

"ఎవరున్నారు అంకుల్?"

"టైమెంతయిందో చూడు ముందు."

"అంకుల్, పదకొండుంబావు అయింది. ముప్పావుగంట ఉంది. టీచరుగారు మీకు మొదటి పాట నేర్పినప్పుడు మీకెన్నేళ్లు?"

"అయిదు. నిక్కరు జారిపోతుంటే ఒక చేత్తో పట్టుకుని పాడాను. ఆవిడే పిన్నీసు పెట్టింది."

"ఆవిడకు పన్నెండింటి దాకే టైముంది."

"కొట్టు. ఇంగ్లీషులో. అన్నీ పెద్దక్షరాలు. గ్లోరియా. పక్కనే ఒకటి, సున్నా, తొమ్మిది, మూడు."

"ఇదా? ఇదా మీరు మరిచిపోయింది?"

"కొట్టమ్మా."

"వెయ్యి తొంభై మూడంటే?"

"ఆవిడ ఉన్న జాగా."

"తెరుచుకుంది. మరి పక్కది... వెయ్యి తొంభై నాలుగు. ఉండండి. ఇదిగో."

"చదవకు."

"వెయ్యి తొంభై నాలుగు. పేరు, లూకా. తండ్రి పేరు, నతానియేల్. వయస్సు యాభై రెండు. స్థితి..."

"చదవొద్దన్నానా!"

"స్థితి, నిద్రించెను."

"ఏంది బిడ్డా? ఎవరు నిద్రించిండ్రు?"

"లూకా అంకుల్, తాతా. ఈ అంకులే. చనిపోయినట్టు రాసి ఉంది. తేదీ ప్రకారం ఆరేళ్లయింది."

"యేసయ్యా!"

"బతికున్నవాళ్ల బుకింగులు రద్దన్నారు కదమ్మా. బతికున్నవాళ్లవే కదా అన్నారు! ఆ తీర్మానం మూడో కాపీ కొడుతూ కూర్చున్నాను. ఈ గదిలోనే. ఎవరూ లేరు. ఒక్క మాట మారిస్తే చాలు, 'బుక్ చేయబడినది' తీసేసి 'నిద్రించెను' అని పెడితే, ఇక ఆ జాగా జోలికి ఏ కమిటీ రాదు. కొట్టేశాను. తర్వాత లిస్టుకు పాస్‌వర్డ్ పెట్టాను."

"తేదీ? ఇది ఆంటీ పోయిన తేదీ."

"తేదీ వేస్తే తప్ప ప్రోగ్రాం ఒప్పుకోదు. నేనే అట్లా రాశాను దాన్ని. ఏ తేదీ వేయాలో తోచలేదు. వేళ్లు వాటంతటవే అదే కొట్టాయి. పెద్ద అబద్ధమని కూడా అనిపించలేదు."

"నాలుగేళ్లుగా... అంకుల్, నాలుగేళ్లుగా ఈ ఆఫీసులో స్థలం చీటీల మీద సంతకం పెడుతున్నది చనిపోయినాయనా?"

"అయ్యగారికి అనుమానం ఉండేది. లూకా ఎప్పుడూ ఆఫీసులో నిద్రపోతున్నాడని కమిటీకి చెప్తుండేవారు."

"నవ్వించకండి! నాకు ఏడుపొస్తోంది, కోపమొస్తోంది. మూడు రోజులు! మూడు హోస్టులు! దేనికది డిస్కంతా తుడిచి మళ్లీ మొదట్నుంచీ పెట్టాను. మెడ పట్టేసింది. లెక్క తప్పేది నా వల్లేనేమోనని రాత్రి నిద్ర పట్టలేదు నాకు! మీకు తెలుసు. తెలిసీ నా వెనకే కూర్చుని ఉబుంటు ఊడుతుందీ, ప్రాక్స్‌మాక్స్ తుమ్ముతుందీ అని..."

"తప్పే తల్లీ. నువ్వు హోస్టు మార్చిన ప్రతిసారీ, ఒక్కటన్నా పాడై లెక్క తప్పు చెప్తే బాగుండునని ప్రార్థన చేశాను. ఒక్కటీ తప్పలేదు. మూడింటికి మూడూ ఉన్నదున్నట్టు చెప్పాయి. బాగా తయారుచేశారు వెధవలు."

"టీచరుగారు పోకపోయి ఉంటే?"

"నాలుగో హోస్టు పెట్టించేవాణ్ణి. అయిదోది. నువ్వు విసిగి వెళ్లిపోయేదాకా. పొద్దున ఆషర్ ఫోన్ చేసినప్పుడే నీకు చెప్పేయాల్సింది."

"ఇప్పుడేం చేద్దాం అంకుల్?"

"ఏముంది? లేపెయ్."

"అంకుల్..."

"లేపెయ్యమ్మా. నువ్వు పని మొదలుపెట్టి ఇవాళ్టికి మూడో రోజే కదా. ప్రభువు లేచిందీ మూడో రోజునే, మన పద్ధతిలో లేపాల్సిన రోజే."

"తీసేస్తే ఆ జాగా టీచరుగారికి వెళ్తుంది. తోటలో ఇంక ఒక్క ఖాళీ కూడా మిగలదు. మీరు ఆంటీ పక్కన..."

"తెలుసు. టీచరుగారైతే నయం. గ్లోరియాకు క్వయర్‌లో ఆల్టో పాడటం నేర్పింది ఆవిడే. ఇద్దరూ పక్కపక్కన పడుకుని పాడుకుంటారు. నా గొంతు ఎట్లాగూ శృతిలో ఉండదని ఇద్దరూ ఒప్పుకున్నదే. నన్ను కాప్రా అవతల పెట్టండి. చూడ్డానికి వచ్చేవాళ్లకు బస్సు దొరకదు, అదొక్కటే బాధ. నాకు వచ్చేవాళ్లూ ఎవరూ లేరు కనుక బాధ లేదు."

"నేనొస్తాను."

"నువ్వు మెట్రో దిగి ఆటో ఎక్కి రావాలి. వద్దులే. నొక్కు."

"మీరే నొక్కండి."

"ఒకసారి నేనే కొట్టాను కదా, చాలు. నువ్వు నొక్కు."

"'నిజంగా తొలగించాలా? అవును, కాదు' అని అడుగుతోంది."

"నేనే రాశాను ఆ ప్రశ్న. ఇంత కష్టమైన ప్రశ్న అనుకోలేదప్పుడు. అవును."

"అయింది. మొత్తం... పదకొండు వందల నలభై ఆరు. ఖాళీ, ఒకటి."

"సరిపోయింది కదూ? చీటీ తియ్. ప్రింటర్లో కాగితం ఉంది."

"ఇవాళ పెట్టారా?"

"పొద్దున్నే పెట్టాను. ఎందుకో."

"వస్తోంది. హలో, అయ్యగారూ? సరిపోయిందండి. నలభై ఆరే. కాప్రా వాళ్లకు ఫోన్ వద్దు. హోస్టా? ప్రాక్స్‌మాక్సే ఉంచుతున్నానండి. తప్పు... తప్పు ఎక్కడ జరిగిందో లూకా అంకుల్ ఆదివారం కమిటీలో తనే చెప్తారట. ఆయన బాగానే ఉన్నారండి. బతికే ఉన్నారు."

"ఇదిగో వీరయ్యా, చీటీ. వెయ్యి తొంభై నాలుగు. బ్యూలా టీచరుగారిది. వెళ్లు, టైమవుతోంది. ఈసారైనా రాయి తగిలిందని ఆరున్నర చేయకు."

"పోత సారు. గని పోయేటందుకు ముందు ఒక మాట. తిట్టొద్దు మీరు."

"ఏం, మళ్లీ రాయా?"

"రాయి సంగతే సారు. ఆ దినం రాయి తగల్లే."

"ఏంటీ? మరి రెండున్నర గంటలు మమ్మల్నందర్నీ ఎండలో ఎందుకు నిలబెట్టావయ్యా?"

"అర్జీ రాసే హాలత్‌ల మీరు లేరని, కమిటీకి చెప్పకుండ నేనే గ్లోరియమ్మకు తొమ్మిది ఫీట్లు తవ్విన సారు, మీ జాగ పక్కన కాదు, అమ్మ పైననే ఉంది."